తుపాను గాలులకు కిటికీ రక్షణ ఫిల్మ్ ఎంతవరకు నిలుస్తుంది? – పరీక్షా విధానాల పరిశీలన

తీర ప్రాంతాలలోని వ్యవసాయ పరిశోధన స్థానాలలో ప్రయోగశాలలకు, విత్తన నిల్వ గదులకు సాధారణ అద్దాల కిటికీలు ఉండడం పరిపాటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటినప్పుడు నగరంలోని భవనాల అద్దాలు పెద్ద సంఖ్యలో పగిలిపోయాయి. అద్దాలను మార్చకుండానే రక్షణ కల్పించే ఉపాయంగా, వాటి లోపలి వైపున అంటించే పాలియెస్టర్ రక్షణ ఫిల్మ్‌ను సూచించడం కద్దు. అయితే ఈ ఫిల్మ్ వల్ల మనుషులకు కలిగే రక్షణ వేరు, భవనానికి కలిగే రక్షణ వేరు. ఈ రెండింటినీ విడదీసి చూపగలిగేవి పరీక్షలే.

రక్షణ ఫిల్మ్ మందం సాధారణంగా 100 నుంచి 350 మైక్రాన్ల వరకు ఉంటుంది. ఇది అద్దం పగలకుండా ఆపదు. పగిలిన పెంకులను జిగురు పొరతో పట్టి ఉంచుతుంది. అందువల్ల గదిలోని వారికి గాజు గాయాలు తగ్గుతాయి. కాని అద్దపు అంచులు చట్రంలో దాగి ఉంటాయి. ఫిల్మ్ కనిపించే భాగానికే అంటుతుంది. పగిలిన తరువాత ఫిల్మ్, పెంకులు కలిసి తడి గోనెపట్టాలా వేలాడి, గాలి ఒత్తిడికి చట్రం నుంచి మొత్తంగా ఊడిపోవచ్చు. టఫెన్డ్ అద్దం చిన్న పలుకులుగా పగిలి బిగువును పూర్తిగా కోల్పోతుంది కనుక దానికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

ఐఎస్ 875 మూడవ భాగం ప్రకారం విశాఖపట్నానికి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. పీడనం వేగ వర్గానికి 0.6 రెట్లు, అనగా చదరపు మీటరుకు 1500 న్యూటన్లు. ఎత్తు, ఆకార గుణకాలను అటుంచితే, 1.2 × 1.5 మీటర్ల కిటికీపై ఇది సుమారు 275 కిలోల బరువుకు సమానం. అదే ప్రమాణం, గోడలో ఖాళీలు 5 శాతం లోపు ఉంటే అంతర్గత పీడన గుణకాన్ని 0.2గా, 20 శాతం మించితే 0.7గా తీసుకోమంటుంది. గాలి తాకే వైపు కిటికీలు పోతే లోపలి పీడనం పైకప్పును కింది నుంచి ఎత్తుతుంది. రేకుల కప్పు గల గోదాముకు ఇదే అసలు ముప్పు.

1992 ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ హరికేన్ అనుభవంతో అక్కడ రెండు దశల పరీక్ష అమలులోకి వచ్చింది. మొదట 4.1 కిలోల కొయ్య పట్టెను వాయు ఫిరంగితో సెకనుకు సుమారు 15.2 మీటర్ల వేగంతో అద్దం మధ్యభాగానికి, మూలకు కొడతారు. ఆపై అదే నమూనాపై లోపలికి 4500, వెలుపలికి 4500 సార్లు పీడనాన్ని మార్చి మార్చి ప్రయోగిస్తారు. దెబ్బను తట్టుకున్న ఫిల్మ్ రెండవ దశలో విఫలం కావచ్చు. పెంకు కొనల వద్ద మొదలైన చిన్న చీలిక ఒక్కొక్క ఊపుకు కొంత చొప్పున పెరుగుతుంది. 76 మిల్లీమీటర్ల గోళం దూరగల రంధ్రం ఏర్పడితే నమూనా విఫలమైనట్లే. పరీక్షకు నిలిచేది చట్రంతో సహా పూర్తి కిటికీ అన్నది ఇక్కడ ముఖ్యం.

అమ్మకందారులు తరచు చూపే ధ్రువపత్రం మరొక పరీక్షకు చెందినది కావచ్చు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12600లో టైర్లు అమర్చిన 50 కిలోల లోలకాన్ని గరిష్ఠంగా 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. దీని శక్తి 588 జౌల్‌లు. కొయ్య పట్టె శక్తి 475 జౌల్‌ల ప్రాంతమే. అంకెలను మాత్రమే చూస్తే లోలకమే కఠినమనిపిస్తుంది. కాని టైరు దెబ్బ విశాలంగా పరచుకుంటుంది. పట్టె కొన వైశాల్యం 34 చదరపు సెంటీమీటర్లే. పైగా లోలక పరీక్ష మనిషి అద్దంపై పడడాన్ని అనుకరించేది. అందులో పీడన దశ లేదు.

ఫిల్మ్ అంచును నిర్మాణ సిలికాన్‌తోగాని, అల్యూమినియం పట్టీతోగాని చట్రానికి బంధిస్తే ఊడిపోవడం చాలావరకు తగ్గుతుంది. అప్పుడు భారం చట్రంపై, దానిని గోడకు పట్టి ఉంచే మేకులపై పడుతుంది. చెదలు పట్టిన కొయ్య చట్రానికి ఎంత మందపు ఫిల్మ్ అయినా వృథా ఖర్చే. అటువంటి గదులకు తుపానుకు ముందు వెలుపలి నుంచి బిగించే ప్లైవుడ్ పలకలు మేలు.

మందపు ఫిల్మ్‌ల జిగురు పూర్తిగా గట్టిపడడానికి ఒక నెల, కొన్నింటికి అంతకు మించి పడుతుంది. కనుక అక్టోబరు, నవంబరు తుపానులను దృష్టిలో ఉంచుకొని వేసవిలోనే అంటించాలి. ఎండకు జిగురు క్షీణిస్తుంది గనుక, అదే ఎండకు ఉంచిన అద్దపు ముక్కలపై ఫిల్మ్ పట్టీలను ఏటా 180 డిగ్రీల కోణంలో ఒలిచి, పట్టు బలాన్ని తొలి విలువతో పోల్చడం తన్యతా పరీక్ష యంత్రం గల ఏ ప్రయోగశాలలోనైనా సాధ్యమే.