శనివారం పడక, సోమవారం లోడు

మొదటిసారి నా టాటా ఏస్‌లో పడుకున్న రాత్రి తెల్లవార్లూ దగ్గుతూనే ఉన్నాను. ఆ పగలు గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు దించి, తొట్టి ఊడ్చి, చాప ఒకటి పడేసుకుని, నేనూ మా బావమరిదీ రెంటచింతల మీదుగా సత్రశాల దగ్గరి కృష్ణ ఒడ్డుకు వెళ్లాం. చీపురుకు గింజలూ తొడిమలూ పోతాయి గానీ ఘాటు పోదు. రేకు గాడుల్లో దాక్కున్న కారం మేం దొర్లినప్పుడల్లా లేచింది. తెల్లారేసరికి కళ్లు చింతనిప్పులు. గాలానికి పడినవి రెండు జెల్లలు. మిర్చి దించిన తొట్టిని నీళ్లతో కడిగి, ఎండలో ఆరనిచ్చాకే పక్క వెయ్యాలని అలా తెలిసింది.

ఫోన్లలో చూసి మోజుపడే కుర్రాళ్లు ఈమధ్య అడుగుతున్నారు. విదేశాల్లో సామాన్ల ట్రైలర్లో మంచం, పొయ్యి, సింకు బిగించి చేపల వేటకు పోతారట, మన బండికీ అలా వెల్డింగ్ కొట్టించమంటారా అని. వద్దంటాను. వాళ్లది సరదా బండి, మనది కూడు పెట్టే బండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అందుకని ఏది పెట్టినా చేత్తో దించేలా ఉండాలి. బండికి ఒక్క బెజ్జం కూడా వెయ్యొద్దు.

ఏస్ తొట్టి దాదాపు ఏడడుగుల పొడవు, ఐదడుగులకు కాస్త తక్కువ వెడల్పు. ఇద్దరు సర్దుకుని పడుకోవచ్చు. మంచం కొనక్కర్లేదు. టమాటా క్రేట్లు పది ఉంటే చాలు. ఒకే ఎత్తువి చూసి బోర్లించి, వాటి మీద 12 ఎంఎం ప్లైవుడ్ వెయ్యండి. ఎనిమిది బై నాలుగు షీటును తొట్టికి సరిపడా కోయించి, మళ్లీ అడ్డంగా మూడు ముక్కలు చేయించండి. ఒక్క షీటుగా ఉంచితే ఇద్దరు పట్టాలి, మూడు ముక్కలైతే ఒక్కడే దించేస్తాడు. చెక్క కింద కట్టెలు రెండు అడ్డంగా కొడితే క్రేట్ల మధ్య ఇరుక్కుని జరగదు. రెండు క్రేట్లు మాత్రం బోర్లించకుండా వెనక డోరు వైపు ఉంచండి, గిన్నెలూ గాలపు సామానూ వాటిలోకి పోతాయి. బండి కదిలే ముందు అన్నిటినీ కలిపి తాడుతో బిగించాలి.

పైకప్పుకు మన తాతల గూడుబండిని మించిన నమూనా లేదు. వెదురు బద్దలు మూడు వంచి, పక్క డోర్లకు తాళ్లతో కట్టి, లోడు మీద కప్పే పట్టనే పరవండి. ముందూ వెనకా తెరిచి దోమతెర వేలాడదీయండి. చలి వేస్తోందని నాలుగు వైపులా పట్ట దించేసి లోపల బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ పొయ్యి గానీ పెట్టారో, తెల్లారి లేవరు. వాటి నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. వంట ఎప్పుడూ నేల మీదే. కార్తీకం నుంచి మాఘం దాకా పడక హాయి. ఎండాకాలం రెంటచింతల సంగతి చెప్పేదేముంది, అర్ధరాత్రి దాకా రేకు పెనమే.

లైటుకు బండి బ్యాటరీ వాడొద్దు, పొద్దున స్టార్టవకపోతే అడవిలో తోసేవాడుండడు. 12 వోల్టుల 7 ఏహెచ్ చిన్న బ్యాటరీ ఒకటి తీసుకోండి. 5 వాట్ల ఎల్‌ఈడీ ఎనిమిది గంటలు వెలిగినా దాన్లో సగమే తినేది.

వెనక పడక ఉంది కదా అని దారిలో ఎవరినీ అందులో పడుకోబెట్టకండి. సరుకు బండి తొట్టిలో మనుషులు వెళ్తే, జరగరానిది జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. క్యాబిన్లో పట్టినంత మందే ప్రయాణం.

బండి ఆపే చోటు మీద మాత్రం కాస్త మొండిగా ఉండాలి. సాగర్ డ్యాం దిగువన టెయిల్‌పాండ్‌లో నీటిమట్టం రాత్రికి రాత్రి మారుతుంది, పవర్‌హౌస్ నడిచే తీరును బట్టి. తడి గీత కనిపించినంత మేరా నీళ్లవే అనుకుని ఇంకా పైన ఆపండి. నల్లరేగడిలో వాన పడితే చక్రం దిగబడుతుంది, మొరం నేల చూసుకోండి. మాచర్ల వైపు అడవుల్లో చాలా భాగం పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండకూడదు. ఊరి చెరువైతే చాలావరకు మత్స్యకార సంఘం చేతిలో ఉంటుంది. "అన్నా, రెండు గాలాలు వేసుకుంటాం" అని ముందే అడిగితే చాలామంది కాదనరు, బొచ్చెలు ఏ పక్కన తిరుగుతున్నాయో కూడా చెబుతారు.

చేపలు మూతున్న థర్మోకోల్ పెట్టెలోనే, ఐసులోనే ఉండాలి. నీచునీళ్లు చెక్కలో ఇంకితే సోమవారం ఎక్కించే కూరగాయలకు వాసన పట్టి, మళ్లీ ఆ షావుకారు మిమ్మల్ని పిలవడు. ఆదివారం సాయంత్రం ఇంటికి రాగానే చెక్కలు, క్రేట్లు, వెదుళ్లు దించి తొట్టి కడుగుతాను. నాకు పట్టేది ముప్పావుగంట.