ఒకసారి స్టార్టయి ఒకసారి మొరాయించే పాత ట్రాక్టర్: లోపం పట్టుకోవడం ఎలా?

ఈసారి కషాయాల గురించి కాదు, మా పాత ట్రాక్టర్ గురించి చెప్తాను. మీటరు ఎక్కడ పెట్టాలో వీడియోలో చూపించాను. ఎందుకు అక్కడే పెట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా, ఎర్రనేల, వర్షాధారం. పోయిన ఖరీఫ్‌లో మంచి వాన పడింది. నాలుగు ఎకరాలకు వేరుశనగ విత్తనం బీజామృతం పట్టించి నీడలో ఆరబెట్టుకున్నాం. పొద్దున రెండెకరాలు విత్తి, అన్నానికి ట్రాక్టర్ ఆపాను. తిని వచ్చి కీ తిప్పితే "టక్" అని ఒక్క శబ్దం, అంతే. పక్క చేను తమ్ముడు వచ్చి తాడు కట్టి లాగేసరికి సాయంత్రమైంది. మరుసటి రోజు ఎండ, గాలి. మా నేలలో పదును ఎంతసేపు నిలుస్తుందో మీకు తెలియంది కాదు. ఆలస్యంగా విత్తిన రెండెకరాల్లో మొలక పలచగా వచ్చింది.

ఈ జబ్బు అప్పటికే ఆరు నెలలుగా ఉంది. మొదట మెకానిక్ "బ్యాటరీ పోయినట్టుందన్నా" అన్నాడు, కొత్తది వేయించాను. రెండు వారాలు బాగుంది, మళ్లీ అదే. తర్వాత సెల్ఫ్ మోటార్ విప్పి బ్రష్‌లు మార్చాడు. మళ్లీ అదే. మెకానిక్ తప్పేమీ లేదు. షెడ్డుకు తీసుకెళ్తే బండి ఒక్క కీకే స్టార్టయ్యేది. జ్వరం లేనప్పుడు డాక్టర్ దగ్గరికి పోయినట్టన్నమాట. ఆకు పసుపెక్కితే మందు కొట్టేముందు వేరు పీకి చూడమని మనమే పదిమందికి చెప్తాం. ట్రాక్టర్ దగ్గర మాత్రం నేను వేరు చూడలేదు.

ముందు పుస్తకంలో రాయండి

వచ్చిపోయే లోపాన్ని అది ఉన్నప్పుడే పట్టుకోవాలి. నేను చిన్న నోటు పుస్తకం టూల్ బాక్సులో పెట్టుకున్నాను. మొరాయించిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాశాను: ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, ఏం శబ్దం వచ్చింది, కీ తిప్పినప్పుడు హెడ్‌లైట్ ఏమైంది, చివరికి ఎలా స్టార్టయింది. నాలుగుసార్లు రాసేసరికి విషయం తేలింది. ప్రతిసారీ పని చేసి ఆపిన తర్వాతే. ప్రతిసారీ "టక్". లైటు బాగా వెలుగుతుంది, కీ తిప్పగానే ఆరిపోయినంత పని అవుతుంది. గంట ఆగితే మామూలే.

శబ్దాన్ని బట్టి దారి

ఇంజన్ గిరగిరా తిరుగుతోంది, అంటుకోవడం లేదు అంటే కరెంటు వైపు వెతకొద్దు, డీజిల్ వైపు వెళ్లండి. స్టాప్ నాబ్ పూర్తిగా లోపలికి పోయిందా, ఫిల్టర్ మూసుకుందా, లైనులో గాలి పట్టిందా, ట్యాంకు మూత రంధ్రం మట్టితో పూడిందా చూడండి.

అసలు చప్పుడే లేదంటే కీ స్విచ్, అక్కడి నుంచి సొలెనాయిడ్‌కు వచ్చే సన్న వైరు చూడాలి. కొన్ని బండ్లకు క్లచ్ దగ్గర గానీ గేరు దగ్గర గానీ సేఫ్టీ స్విచ్ ఉంటుంది, అదీ చూడాలి.

"టక్" అని ఆగిపోతే బ్యాటరీ, లావు వైర్లు, ఎర్త్, సెల్ఫ్ మోటార్. నాది ఈ దారి.

మల్టీమీటర్‌తో నాలుగు కొలతలు

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరు సీట్లో కూర్చుని కీ తిప్పాలి. మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. లోపం ఉన్న సమయంలోనే కొలవండి.

1. కీ తిప్పకముందు బ్యాటరీ రెండు గుబ్బల మధ్య: నిండు ఛార్జీ ఉంటే 12.6 చూపిస్తుంది. 12.4 కంటే బాగా తక్కువుంటే ముందు ఛార్జింగ్, డైనమో, బెల్టు చూసుకోండి.

2. కీ తిప్పి పట్టుకున్నప్పుడు అదే చోట: 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. నాది 12 దగ్గరే నిలబడింది. అంటే బ్యాటరీలో బలం ఉంది, అది మోటార్ దాకా చేరడం లేదు.

3. కీ తిప్పి పట్టుకుని, బ్యాటరీ ప్లస్ గుబ్బ నుంచి సెల్ఫ్ మోటార్ లావు బోల్టుకు: సొలెనాయిడ్ కలిసినప్పుడు అర వోల్టు లోపు రావాలి.

4. కీ తిప్పి పట్టుకుని, బ్యాటరీ మైనస్ గుబ్బ నుంచి ఇంజన్ దిమ్మకు (పెయింట్ లేని చోట): ఇదీ అర వోల్టు లోపే రావాలి. నాకు 9 వోల్టులు దాటింది!

అంటే బలమంతా ఎర్త్ దారిలోనే పోతోంది. వైరు వెంబడి పోతే, సీటు కింద ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ పట్టీ దొరికింది. పైకి బాగానే ఉంది. బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము, తుప్పు. వేడికి, కుదుపులకు ఆ అతుకు పట్టు సడలేది, చల్లారాక మళ్లీ అంటుకునేది.

తుప్పు ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. నేను జీవామృతం డ్రమ్ము వెనక లిఫ్టు మీద పెట్టి పొలానికి తీసుకుపోతాను. తొణికింది అక్కడికే కారుతుంది. ఆవు మూత్రంలో ఉప్పులుంటాయి, రాగి మీద, ఇనుము మీద ఆరితే తినేస్తాయి. నేలకు అమృతమే, ఎర్త్ పట్టీకి మాత్రం కాదు.

చేసిన పని

ముందు మైనస్ వైరు తీశాను (బిగించేటప్పుడు అది చివర). ఛాసిస్ మీద ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త రాగి పట్టీ, పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించి, పైన గ్రీజు పూశాను. ఖర్చు కొత్త బ్యాటరీ ధరలో పదో వంతు కూడా కాలేదు. మళ్లీ కొలిస్తే 0.2. ఆ తర్వాత నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పలేదు. ఇప్పుడు డ్రమ్ముకు మూత బిగిస్తున్నాను, జీవామృతం తోలిన రోజు వెనక భాగం నీళ్లతో కడుగుతున్నాను.

ఒక్క హెచ్చరిక. సెల్ఫ్ తిరగకపోతే నేల మీద నిలబడి, పానాతోనో స్క్రూడ్రైవర్‌తోనో సొలెనాయిడ్ బోల్టులు కలిపే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానుకోండి. గేరులో ఉంటే బండి మీదికొచ్చేస్తుంది, వెనక టైరు పక్కనే మీరుంటారు. బ్యాటరీ దగ్గర బీడీ కూడా వద్దు.

విత్తనం సిద్ధం చేసుకునే వారంలోనే ఈ నాలుగు కొలతలూ ఒకసారి చూసుకోండి. పదును మన కోసం ఆగదు.