పిల్లలకు చెట్టును చూపిద్దాం: బడి మన పొలం గెట్టు మీదే ఉంది



జీవామృతం కలిపేటప్పుడు మనం 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి వేస్తాం. చివరికి గుప్పెడు మట్టి వేస్తాం. ఆ మట్టిని మందులు పడని గెట్టు మీద నుంచి, చెట్టు కింద నుంచి తెస్తాం. "అక్కడి మట్టే ఎందుకు?" అని మీ ఇంట్లో పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. జవాబు రాకపోతే పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

మాచారెడ్డి మండలంలో ఈ పాఠానికి కావలసినవన్నీ దగ్గర్లోనే ఉన్నయి. పొలాలు దాటితే అడవి, ఆ అడవిలో టేకు, మోదుగ, తునికి. గెట్ల మీద ఏప, చింత, కానుగ. కానీ ట్రాక్టర్ తిరగడానికి అడ్డమనో, నీడ పడుతుందనో గెట్టు చెట్లు ఒక్కొక్కటే పోతున్నయి. పెద్ద చింత చెట్టు కావాలంటే రెండు తరాలు పడుతుంది, పడగొట్టడానికి జేసీబీకి ఒక పూట చాలు. మిగిలిన చెట్లను రేపు ఉంచాలా కొట్టాలా అని తేల్చేది ఇవాళ్టి మన పిల్లలే. అందుకే వాళ్లకు చెట్టు పేరు ఒక్కటే చెప్తే చాలదు, అది చేసే పని కళ్లారా చూపించాలి.

పాఠం 1: చాటలోని ఆకు ఏ చెట్టుది?

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఎన్నో ఇండ్లలో బీడీలు చేస్తరు. చాటలో తునికాకును పిల్లలు రోజూ చూస్తరు, చెట్టును చూసినవాళ్లు తక్కువ. ఎండాకాలంలో, ఆకు కోసే రోజుల్లో ఒక పొద్దున వాళ్లను చెట్టు దగ్గరికి తీసుకుపోండి. లేత ఆకు, ముదురు ఆకు పట్టి చూడమనండి. తునికి పండు దొరికితే తినిపించండి. దారిలో టేకు లేత ఆకును అరచేతిలో నలపమనండి, చెయ్యి ఎర్రబడుతది. మోదుగ పూలతో హోలీ రంగు, మోదుగ ఆకుతో ఇస్తరాకు అని మీ అమ్మమ్మ చెప్పినవి కూడా అక్కడే చెప్పండి.

పాఠం 2: చెట్టు నీళ్లు వదులుతది

ఎండ బాగా ఉన్న రోజు, ఆకులున్న చిన్న కొమ్మకు లోపల కనిపించే పాలిథిన్ కవర్ తొడిగి, మూతిని దారంతో గట్టిగా కట్టండి. రెండు మూడు గంటల తర్వాత లోపల నీటి చుక్కలు కనబడతయి. వేర్లు భూమిలోంచి లాగిన నీళ్లే ఆకుల సన్నని రంధ్రాల నుంచి ఆవిరిగా బయటికి వచ్చినయి. రేకుల షెడ్డు కింద కంటే ఏప చెట్టు కింద ఎందుకు చల్లగా ఉంటదో పిల్లలకు అప్పుడు అర్థమవుతది. చూసినంక కవర్ తప్పకుండా తీసేయండి.

పాఠం 3: రెండు గుప్పిళ్ల మట్టి

చెట్టు కింద ఆకులు పక్కకు జరిపి ఒక గుప్పెడు, మందులు కొట్టిన ఖాళీ చేను మధ్యలో ఒక గుప్పెడు మట్టి తెప్పించండి. పక్కపక్కన తెల్ల కాగితం మీద పోసి రంగు, వాసన, తడి చూడమనండి. పురుగులు, వానపాములు ఎన్ని ఉన్నయో లెక్క రాయమనండి. రాలిన ఆకును సూక్ష్మజీవులు, వానపాములు తిని మట్టిగా మారుస్తయి. ఆ సూక్ష్మజీవుల కోసమే మనం ఆ మట్టిని జీవామృతంలో వేస్తున్నమని చెప్పండి. ఈసారి డ్రమ్ములో ఆ గుప్పెడు మట్టిని పిల్లల చేతే వేయించండి.

పాఠం 4: మర్రి పండు లోపల

మర్రికి, మేడికి పూలు బయట కనబడవు, కాయ లోపలే వందల చిన్న పూలుంటయి. కాయ కొసన ఉన్న సన్న రంధ్రంలోంచి నువ్వు గింజ కంటే చిన్న కందిరీగ లోపలికి పోయి, పూలకు పుప్పొడి అంటించి, అక్కడే గుడ్లు పెడుతది. ఒక్కో జాతి చెట్టుకు దాని కందిరీగ వేరు. ఆ ఈగ లేకపోతే మర్రికి గింజ లేదు, మర్రి లేకపోతే ఆ ఈగకు ఇల్లు లేదు. పండును కోసి చూపించండి. పక్షి పండు తిని రెట్ట వేసిన చోట మొక్క వస్తది. తాటిచెట్టు మీద, గుడి గోడ మీద మర్రి ఎట్ల మొలిచిందో పిల్లలే చెప్తరు.

పాఠం 5: ఏప గింజ

జూన్, జూలైలో ఏప పండ్లు రాలుతయి. కషాయానికి గింజలు ఏరేటప్పుడు పిల్లలను వెంట పెట్టుకోండి. కొన్ని గింజల గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు వారాల్లోపే సంచుల్లో విత్తించండి. ఏప గింజకు మొలకెత్తే శక్తి తొందరగా పోతది.

నీడతో పంట తగ్గదా?

పిల్లలు కూడా ఇది అడుగుతరు, నిజం చెప్పండి. దట్టమైన నీడలో వరి, మక్క తగ్గుతయి. దానికి సీజన్ ముందు కింది కొమ్మలు కొట్టి ఆకు పొలానికి వేసుకోవాలి, చెట్టును కాదు కొట్టేది. కానుగ ఆకు మంచి పచ్చిరొట్ట. కానుగ, జమ్మి రెండూ వేర్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటయి. జమ్మి వేరు చాలా లోతుకు పోతది, నీడ పలుచన. దసరాకు మనం బంగారమని పంచుకునే జమ్మి మన తెలంగాణ రాష్ట్ర వృక్షం. రాజస్థాన్ రైతులు దీన్నే ఖేజ్రీ అని చేన్ల మధ్యలో ఉంచుకుంటరు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లి ఊర్లో ఈ చెట్లను కొట్టనీయకుండా 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారని చెప్తారు. దసరా రోజు ఈ కథ పిల్లలకు చెప్పండి.

జాగ్రత్తలు

- తెలియని కాయ, ఆకు నోట్లో పెట్టుకోవద్దు. కానుగ గింజ, గన్నేరు తినకూడదు.
- జిల్లేడు పాలు కంట్లో పడనీయొద్దు.
- పొదల్లో, తొర్రల్లో చెయ్యి పెట్టొద్దు, పాములుంటయి.
- పెద్దవాళ్లు లేకుండా అడవిలోకి పంపొద్దు.

ఒక్కో పిల్లకు, పిల్లగాడికి గెట్టు మీద ఒక చెట్టు అప్పజెప్పండి. ప్రతి పుట్టినరోజుకు ఛాతీ ఎత్తులో దారంతో చుట్టుకొలత తీసి నోటుబుక్కులో రాయమనండి. నెలకోసారి ఒకే చోట నిలబడి ఫోన్‌లో చిన్న వీడియో తీయమనండి. ఆకు రాలడం, చిగురు, పూత, కాత, వచ్చిపోయే పిట్టలు ఏడాదిలో అన్నీ అందులో ఉంటయి. రేపు గెట్టు సరిచేద్దామని ఎవరైనా అంటే, ఆ చెట్టు గురించి ముందు మాట్లాడేది ఆ పిల్లలే.

ఈ ఆదివారం పొలానికి పోయేటప్పుడు పిల్లలను వెంట తీసుకుపోండి. ఒక కవర్, ఒక దారం ఉంటే చాలు.