వెళ్లిపోయిన కొనుగోలుదారుని మరల పిలుచుట

ధర అడిగి కొనక వెళ్లుచున్న వారిని పూర్ణా మార్కెట్టు దుకాణదారులు "అయ్యా, ఒక్కమాట!" అని వెనుకకు పిలుచుట మన విశాఖపట్టణ వాసులకు క్రొత్త కాదు. అంతర్జాల వ్యాపారమునందును అట్టి పిలుపు కలదు. దానికి రీటార్గెటింగ్ అని పేరు. మనము దాని పనితీరునే గాక హద్దులను గూడ ఎరుగవలెను.

ఏటికొప్పాక లక్కబొమ్మలను అమ్ము ఒక వెబ్‌సైటును ఉదాహరణముగా గైకొందము. ఒకరు అందొక బొమ్మను చూచి, కొనకయే వెళ్లిరనుకొందము. వర్తకుడు ప్రకటనల సంస్థతో ఏర్పాటు చేసికొని యున్నచో, ఆ సంస్థ వారి బ్రౌజరులో కుకీ యను చిన్న గుర్తు నుంచును. పిమ్మట వారు వార్తల కొరకు వేరొక వెబ్‌సైటు తెరచినప్పుడు అదే సంస్థ ఆ గుర్తును పోల్చుకొనును. అచటి ప్రకటన స్థలమునకు రెప్పపాటులో వేలము జరుగును. మన వర్తకుడు గెలిచినచో ఆ బొమ్మయే మరల కంటి యెదుట నిలుచును. ముక్కుమొగము ఎరుగని వారికన్న, ఒకసారి చూచిపోయిన వారు కొను అవకాశము హెచ్చు. కావున చిన్న వర్తకుడు తన కొద్ది సొమ్మును ఇందు వెచ్చించుట యుక్తమే.

కుకీని 1994లో నెట్‌స్కేప్ సంస్థయందు లూ మాంటుల్లి రూపొందించెను. వెబ్‌సైటు తన సందర్శకుని తానే గుర్తుంచుకొనుట దాని తొలి ప్రయోజనము. రీటార్గెటింగులో మూడవవాడు గుర్తుంచుకొనుచున్నాడు. చిక్కంతయు ఇందే కలదు. దుకాణదారుని పిలుపు వీధి మలుపుతో ముగియును. ఈ పిలుపు ఇంటిలోనికి వచ్చును. ఇంటిల్లిపాదియు ఒకే ఫోను వాడు కుటుంబములలో, ఒకరు గుట్టుగా చూచిన మందు మరొకరి కంటబడును.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పెను. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టమును చేసెను. 18 ఏండ్లు నిండని వారి నడవడిని వెంబడించి గమనించుటను, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపుటను ఆ చట్టము సామాన్యముగా నిషేధించినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. అమలు దశలవారీగా నిర్ణయింపబడినది. ఇంటర్మీడియెట్ విద్యార్థులలో పెక్కుమంది ఈ వయస్సు వారే యని మరువరాదు.

కావున వర్తకము చేయబోవు మన విద్యార్థులు కొన్ని నియమములు పాటింపవలెను. గుర్తు నుంచుటకు ముందుగా అనుమతి కోరవలెను. ఇదివరకే కొన్నవారిని జాబితానుండి తొలగింపవలెను. కొన్న వస్తువునే మరల చూపుట సొమ్ము వృథా. రోజునకెన్ని మార్లు, ఎన్ని దినములు చూపవలెనో మితి నిర్ణయింపవలెను. వ్యాధులు, అప్పులు మొదలగు విషయములలో ఈ పద్ధతిని విడనాడవలెను. ఇక కొనుగోలుదారులుగా మనము బ్రౌజరు అమరికలలో కుకీలను తుడిచివేయుట నేర్వవలెను. మర్యాదగా ఒకమారు పిలిచిన దుకాణమునకే జనులు తిరిగి వత్తురు. వెంటబడిన దుకాణమును చూచి వీధి మార్చుకొందురు.