పెరటి నీడలో రంగుల ఆకులు: కెలాడియము రకముల పెంపకము, సేకరణ

గోదావరి డెల్టాలోని ఇంటి పెరడులలో ఎండ కన్న నీడ యెక్కువ. కొబ్బరి, మామిడి, సపోటా, పనస చెట్లు గుబురుగా పెరిగి ఇంటి చుట్టునున్న స్థలమును కప్పివేయును. ఆ నీడలో గులాబి వేసిన పూయదు. బంతి వేసిన సన్నగా సాగి పడిపోవును. రెండు మూడేండ్లు ప్రయత్నించి విసిగిన గృహస్థులు ఆ చోటును కొబ్బరి మట్టలకు, పాత సామానుకు వదలివేయుట మామూలు. పూలు రాని చోట ఆకులతోనే తోట వేసికొనవచ్చునను సంగతి గ్రహించినచో ఆ చోటే ఇంటికంతటికి అందమైన భాగము కాగలదు.

చలి దేశములవారు ఇట్టి నీడలో హోస్టా అను ఆకుమొక్కను పెంచెదరు. జపాను, కొరియా, చైనా దేశములు దాని పుట్టిల్లు. దానిలో వేలకొలది రకములు గలవు. వానిని సేకరించువారికి సంఘములు కూడ గలవు. బొమ్మలలో చూచి ముచ్చటపడి కొందరు దానిని తెప్పించి నాటుచున్నారు. కాని హోస్టా మన డెల్టాకు తగిన మొక్క కాదు. శీతాకాలమున ఆకులు రాల్చి, బాగుగా చల్లబడిన నేలలో అది కొన్ని వారములు నిద్రింపవలెను. మన ప్రాంతమున పుష్యమాసపు రాత్రులు కూడ సాధారణముగా 15 డిగ్రీలకు దిగువకు పోవు. నిద్ర చాలని హోస్టా ఏటికేడు చిన్నదై, చివరకు నశించును. దానికై వెచ్చించు డబ్బు వృథా.

దానికి బదులుగా మనకు కెలాడియము కలదు. ఇది దక్షిణ అమెరికాలోని వేడి, తేమ గల అడవుల మొక్క. మన చేమకు, కందకు దగ్గరి చుట్టము. ఇదియును దుంపనుండి మొలచి, నీడలో పెరిగి, ఏడాదికొకమారు నిద్రించును. అయితే దాని నిద్రకు చలి అవసరము లేదు, పొడిదనము చాలును. లంకలలో కంద పండించిన రైతుకు దీని పెంపకము కొత్త విద్య కాదు.

మొక్కలు దొరకు చోటు

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు అందిన నేలలలోనే నేటి కడియం నర్సరీలు ఉన్నవి. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక గ్రామములలో ఆకుమొక్కలు విరివిగా దొరకును. కెలాడియమును శ్రావణ, భాద్రపదములలో ఆకులతో ఉన్నప్పుడు కొనుట మంచిది. అప్పుడు రంగు కంటికి కనబడును. పేరు తప్పుగా చెప్పినను మోసపోము. వట్టి దుంప కొనవలసివచ్చినచో వ్రేలితో నొక్కి చూడవలెను. గట్టిగా, బరువుగా ఉన్నది మంచిది. మెత్తబడినది, పుల్లని వాసన వచ్చునది ఎంత చవకైనను వద్దు.

మట్టి, కుండీ

డెల్టాలోని నల్లని బంకమట్టి వరికి బంగారము. కెలాడియమునకు మాత్రము మృత్యువు. వానకాలమున ఆ మట్టి రోజుల తరబడి నీరు పట్టి ఉంచును, దుంప కుళ్ళును. కావున కుండీలలో పెంచుటే క్షేమము. ఏటి ఒండ్రు రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపవలెను. కోనసీమలో చవకగా దొరకు కొబ్బరి పీచు పొట్టును ఇసుకకు బదులు సగము వాడవచ్చును. అయితే పచ్చి పొట్టు పనికిరాదు. దానిని రెండు మూడు మారులు మంచినీటిలో నానబెట్టి, పిండి, ఆరబెట్టిన పిదప వాడవలెను.

కుండీ 8 నుండి 10 అంగుళముల వెడల్పుండిన చాలును. అడుగు రంధ్రముపై పెంకుముక్కలు బోర్లించి, వానిపై గుప్పెడు ముతక ఇసుక వేయవలెను. కుండీని నేలపై నేరుగా పెట్టక రెండు ఇటుకలపై నిలిపినచో నీరు సులువుగా జారును.

నాటుట

రోహిణి కార్తె చివర, మృగశిర కార్తె మొదట, అనగా మే చివరి వారము నుండి జూన్ రెండవ వారము వరకు నాటుటకు తగిన కాలము. దుంపపై మొలకకన్నులు పైకి ఉండునట్లు పెట్టి, రెండు అంగుళముల మట్టి కప్పవలెను. కన్నులు ఏ వైపున ఉన్నవో తెలియనిచో దుంపను ప్రక్కకు పరుండబెట్టవచ్చును. మొలక వచ్చువరకు మట్టి కొద్దిపాటి తడితో ఉండిన చాలును. మూడు నాలుగు వారములలో మొలక కనబడును. ఆలస్యమైనదని త్రవ్వి చూచుట, ఎక్కువ నీరు పోయుట రెండును కీడే.

దుంప నడుమనున్న పెద్ద కన్నును కత్తిమొనతో తీసివేసినచో చుట్టునున్న చిన్న కన్నులన్నియు మొలచి మొక్క గుబురుగా వచ్చును. ఆకులు కొంచెము చిన్నవగును. పెద్ద ఆకులు కావలెననువారు ఆ కన్నును ఉంచుకొనవలెను.

రకమును వృద్ధి చేయవలెననిన, కంద కోసినట్లే దుంపను కోయవలెను. ప్రతి ముక్కకు కనీసము ఒక కన్ను, చాలినంత కండ ఉండవలెను. కోసిన భాగములకు కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి అద్ది, రెండు దినములు నీడలో ఆరనిచ్చి నాటవలెను. తడి ఆరని ముక్కను నాటినచో కుళ్ళు తప్పదు.

వెలుగు, నీరు, ఎరువు

ఉదయపు ఎండ గంట రెండు గంటలు తగిలి, తరువాత చెట్టునీడ పడు చోటు శ్రేష్ఠము. కారు చీకటి నీడలో కాడలు సాగి వాలిపోవును. మిట్టమధ్యాహ్నపు ఎండలో పలుచని తెల్లని ఆకులు మాడును. చెట్లు లేనివారు తాటాకు పందిరి గాని, సగము ఎండను ఆపు నీడవల గాని వేసికొనవలెను.

ఆకులున్నంత కాలము మట్టి ఆరిపోరాదు. వాన లేని దినములలో ఉదయము మొదట్లో నీరు పోయవలెను. నత్రజని హెచ్చుగా వేయరాదు. యూరియా చల్లినచో ఆకు పెద్దదగును గాని ఎరుపు, తెలుపు తగ్గి పచ్చదనము పైకి వచ్చును. ఏ రంగు కొరకు మొక్కను తెచ్చితిమో ఆ రంగే పోవును. నెలకొకమారు గుప్పెడు చివికిన ఎరువు, చారెడు వేపపిండి కలిపి పై మట్టిలో కలిపిన చాలును. వేపపిండి వలన వేళ్ళపై బుడిపెలు కలిగించు నులిపురుగుల బెడద కూడ తగ్గును.

నిద్రకాలము

కెలాడియమును పోగొట్టుకొనువారిలో ఎక్కువ మంది పోగొట్టుకొనునది ఈ కాలముననే. స్వాతి, విశాఖ కార్తెలు దాటిన పిదప, అనగా నవంబరు నుండి, ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి వాలును. ఇది రోగము కాదు, దాహము కాదు. మొక్క నిద్రకు సిద్ధమగుచున్నది. ఈ సంగతి తెలియక, మొక్క వాడుచున్నదని జాలిపడి గృహస్థులు మరింత నీరు పోయుదురు. వేళ్ళు పనిచేయని కాలమున పోసిన నీరు మట్టిలోనే నిలిచి దుంపను కుళ్ళబెట్టును. జూన్‌లో కుండీ త్రవ్వి చూచిన నల్లని ముద్ద తప్ప ఏమియు ఉండదు. ఐదేండ్లుగా కూర్చిన రకములు ఒక్క చలికాలములో పోవుటకు ఈ జాలియే కారణము.

ఆకులు పసుపెక్కగానే నీరు సగము చేయవలెను. ఆకులన్నియు వాలిన పిదప పూర్తిగా ఆపవలెను. తరువాత రెండు మార్గములు గలవు. మొదటిది, కుండీని వాన తగలని వసారాలో ప్రక్కకు పరుండబెట్టి జూన్ వరకు అట్లే విడుచుట. రెండవది, దుంపలను త్రవ్వి, మట్టి దులిపి, వారము దినములు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుక నింపిన మట్టికుండలో దాచుట. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచరాదు, చెమ్మ పట్టును. చల్లని పెట్టెలో, అనగా ఫ్రిజ్‌లో, అసలే పెట్టరాదు. 15 డిగ్రీలకు తక్కువ చలిలో దుంప చెడిపోవును. నెలకొకమారు పరీక్షించి, మెత్తబడిన దానిని వెంటనే వేరు చేయవలెను. కొంత భాగమే చెడినచో గట్టి కండ వచ్చువరకు కోసివేసి, ముందు చెప్పిన మందు అద్ది కాపాడవచ్చును.

ఈ నాలుగైదు నెలలు కుండీలు బోసిపోవునని చింతింపనక్కరలేదు. కొంచెము ఎండ తగులు అంచున క్రోటన్లు, దట్టమైన నీడలో అగ్లోనిమాలు పెట్టినచో ఏడాది పొడవునను తోట నిండుగా ఉండును.

రకముల సేకరణ

రకములు ముఖ్యముగా రెండు తరగతులు. వెడల్పైన హృదయాకారపు ఆకులు గలవి ఒక తరగతి. సన్నని పొడవాటి ఆకులు గలవి రెండవ తరగతి. సన్న ఆకుల రకములు పొట్టిగా, గుబురుగా పెరిగి, ఎండను కొంత యెక్కువ తట్టుకొనును. పాత రకములలో కాండిడం తెల్లని ఆకుపై పచ్చని ఈనెలు గలది. వైట్ క్వీన్ తెలుపుపై ఎర్రని ఈనెలతో ఉండును. కారొలిన్ వార్టన్ గులాబి రంగు ఆకు, పచ్చని అంచు గలది. మిస్ మఫెట్ లేత పసుపుపచ్చ ఆకుపై ఎర్రని చుక్కలు గల పొట్టి రకము. థాయిలాండు తోటమాలులు సంకరపరచి మరెన్నో క్రొత్త రకములను పుట్టించిరి.

మొదటి ఏడు ఐదు రకములకు మించి తేవలదు. అవి ఒక చలికాలము దాటి తిరిగి మొలచిన పిదపనే సేకరణ పెంచవలెను. క్రొత్తగా తెచ్చిన మొక్కను మూడు వారములు వేరుగా ఉంచి, పురుగు లేదని తేలిన తరువాత మిగిలిన వానితో చేర్చవలెను.

ఒకే మొక్కకు నాలుగు పేర్లు, ఒకే పేరుకు నాలుగు మొక్కలు ఉండుట వాడుక. కావున పేరుకన్న సంఖ్యను నమ్మవలెను. ప్రతి రకమునకు ఒక సంఖ్య ఇచ్చి, రేకుముక్కపై గీసి కుండీకి కట్టవలెను. దుంప త్రవ్వినప్పుడు ఆ రేకు దుంపతోనే పోవలెను. ఒక నోటుపుస్తకములో ఈ విషయములు వ్రాసికొనవలెను: సంఖ్య, పేరు, తెచ్చిన చోటు, తేది, ఆకు రూపము, ఆకు రంగు, ఈనెల రంగు, అంచు రంగు, నాటిన దుంపలు, త్రవ్విన దుంపలు. పేరు తెలియనిచో "తెలియదు" అని వ్రాయుట ఊహించి వ్రాయుటకన్న మేలు. చివరి రెండు అంకెలు మీ సాగుకు పరీక్షాఫలితము. నాటినది ఒకటి, త్రవ్వినది మూడు అయినచో మీ పద్ధతి సరియైనది. నాటినంత కూడ రానిచో మట్టినో నీటినో సరిచూచుకొనవలెను.

ఒక ఆకు రంగు మారినంతనే క్రొత్త రకము పుట్టినదని తలపరాదు. వెలుగు మారిన, ఎరువు మారిన రంగు మారును. మరుసటి ఏడు అదే తీరున వచ్చినప్పుడే దానికి వేరు సంఖ్య ఇయ్యవలెను.

ప్రతి రకమును రెండు కుండీలలో ఉంచి, అందొకటి బంధువుల ఇంటనో స్నేహితుల ఇంటనో ఉంచుట మంచి భద్రత. మన ప్రాంతములో ఇది అతిజాగ్రత్త కాదు. 1986 ఆగష్టులోను, 2022 జులైలోను వచ్చిన వరదలు లంక గ్రామములను ముంచినవి. 1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరిచెట్లు విస్తారముగా కూలినవి; చెట్టు పోయినచో నీడయు పోవును. ఒక ఇంట పోయిన రకము రెండవ ఇంట బ్రతికియుండిన తిరిగి తెచ్చుకొనవచ్చును. ఇచ్చిపుచ్చుకొనుటలో ఔదార్యమే కాదు, లాభము కూడ కలదు.

పురుగులు, తెగుళ్ళు

వానకాలమున నత్తలు, పొగాకు లద్దెపురుగులు ఆకులను కొరుకును. సాయంకాలము దీపము పట్టుకొని వెదకి ఏరివేయుట ఇంటి తోటకు చాలును. పిండినల్లి, పేనుబంక కనబడినచో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి, ఆకుల అడుగుభాగము తడియునట్లు సాయంకాలము పిచికారి చేయవలెను. కుళ్ళు కనబడిన కుండీలోని మట్టిని తిరిగి వాడరాదు.

ముఖ్య హెచ్చరిక

కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. కెలాడియమునకు కందకన్న దురద యెక్కువ. దీని ఆకు, కాడ, దుంప అన్నిటను సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములుండును. నమలినచో నోరు, నాలుక మండి వాచును. ఉడికించినను దీనిని తినరాదు. ఆరిన దుంప చేమదుంపను పోలియుండును. కావున దుంపల కుండను వంటయింటిలో గాని, కంద, చేమ దాచు చోట గాని పెట్టరాదు. కుండపై "తినరాదు" అని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. చిన్నపిల్లలకు, దూడలకు, మేకలకు అందని చోట కుండీలు ఉంచవలెను. దుంపలు కోయునప్పుడు చేతితొడుగులు వేసికొనవలెను. పిల్లలు నోట పెట్టుకొన్నచో వెంటనే నోరు నీటితో కడిగి, వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

చేయవలసిన పనులు క్లుప్తముగా

మే చివర, జూన్: మట్టి కలుపుట, నాటుట. జులై నుండి అక్టోబరు: నీరు, వేపపిండి, పురుగుల ఏరివేత, రంగులు చూచి పుస్తకములో వ్రాసికొనుట, క్రొత్త రకములు తెచ్చుట. నవంబరు, డిసెంబరు: నీరు తగ్గించుట, ఆపుట. జనవరి నుండి మే వరకు: దుంపల పరీక్ష నెలకొకమారు.

ఈ పనులకు ఖర్చు స్వల్పము, కావలసినది క్రమము. అన్నిటిలోను ఒక్కటి మరువవలదు: ఆకులు వాలు కాలమున చెంబు క్రింద పెట్టవలెను. ఆ నెలలలో చేయి ఆపినవారి పెరటిలో తొలకరికి మరల రంగులు విరియును.