తాకని చేతికి పలికే వాద్యం

రష్యాలో లెవ్ తెర్మెన్ 1920 ప్రాంతంలో కనిపెట్టిన థెరమిన్‌ను తాకకుండానే వాయిస్తారు. యాంటెన్నా దగ్గరికి చెయ్యి వస్తే కెపాసిటెన్స్ పెరిగి ఆసిలేటర్ నెమ్మదిస్తుంది. ఆ మార్పే స్వరమవుతుంది. చేతి దూరానికీ స్వరానికీ ఉన్న లెక్క ఆయన యంత్రంలో కాయిళ్లలోనే బిగిసిపోయింది. ఆర్డ్యునోతో చేసుకుంటే ఆ లెక్క కొద్ది వరుసల కోడ్‌గా మన చేతికొస్తుంది. చవకదనం కన్నా నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

ఆర్డ్యునో ఊనో, సీడీ4093 ఐసీ, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, సొంత ఆసిలేటర్ లేని పీజో బజర్, బ్రెడ్‌బోర్డ్, అడుగున్నర రాగి తీగ సిద్ధం చేసుకోండి.

ఐసీ 14వ పిన్‌కు 5 వోల్టులు, 7వ పిన్‌కు గ్రౌండ్ ఇచ్చి, రెండింటి మధ్య కెపాసిటర్ పెట్టండి. 1, 2 పిన్లను కలిపి, అక్కడి నుంచి 3వ పిన్‌కు రెసిస్టర్ వెయ్యండి, ఇదే మన ఆసిలేటర్. మన యాంటెన్నా అయిన రాగి తీగ కూడా 1, 2 పిన్ల దగ్గరే. 3వ పిన్‌ను 5, 6 పిన్లకు, 4వ పిన్‌ను ఆర్డ్యునో 5వ పిన్‌కు కలపండి. మిగిలిన 8, 9, 12, 13 పిన్లను గ్రౌండ్ చెయ్యడం మరవకండి. బజర్‌ను ఆర్డ్యునో 8వ పిన్‌కూ గ్రౌండ్‌కూ కలిపితే వైరింగ్ అయిపోయింది.

ఇక కోడ్. ఊనోలో 5వ పిన్ టైమర్1కు బయటి పల్సులు అందించే దారి. 20 మిల్లీసెకన్లకోసారి ఆ పల్సుల లెక్క చదివి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టండి. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్, దాని ఒక ఆవృతం సరిగ్గా 20 మిల్లీసెకన్లు. అందుకే గోడల్లోని వైర్ల నుంచి వచ్చే హమ్ చాలావరకు రద్దయిపోతుంది.

ఆన్ చెయ్యగానే చెయ్యి దూరంగా ఉంచి కొన్ని లెక్కల సగటు తీస్తే అదే మూలం. తర్వాతి ప్రతి లెక్కనూ దాన్నుంచి తీసెయ్యండి. చెయ్యి దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా ఒక్కసారిగా పెరుగుతుంది. నేరుగా వాడితే స్వరాలన్నీ తీగ పక్కనే ఇరుక్కుంటాయి. లాగరిథమ్ తీసి 0 నుంచి 1 మధ్యకు తెచ్చి, ఆ విలువకు మూడు రెట్లను 2కు ఘాతంగా వేసి, 110తో గుణించండి. 110 నుంచి 880 హెర్ట్జ్ వరకు మూడు స్థాయిలు విప్పారతాయి. తేడా మరీ చిన్నదైతే బజర్ ఆపేయండి.

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపేటప్పుడు స్పందన మందగిస్తే, గ్రౌండ్ వైరును రెండో చేత్తో పట్టుకోండి. చార్జర్ తగిలించి ఉండగా మాత్రం ఈ పని చెయ్యకండి.

అసలు మజా ఇప్పుడు. మోహన రాగంలోని స, రి, గ, ప, ద స్థానాలు షడ్జం నుంచి 0, 2, 4, 7, 9 అర్ధస్వరాల దూరంలో ఉంటాయి. చెయ్యి ఏ స్వరానికి దగ్గరగా ఉంటే దానికే అతికించడం తేలిక, కానీ అప్పుడు హార్మోనియం మెట్లే మిగులుతాయి, గమకం చచ్చిపోతుంది. దగ్గరి స్వరం వైపు సగం దూరమే లాగండి. శ్రుతి నిలుస్తుంది, జారుడూ మిగులుతుంది. ఆ సగాన్ని పావు చేసి, ముప్పావు చేసి వినండి. ఎడమ చేతికి అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టి మంద్ర, మధ్య, తార స్థాయిలు మార్చుకోవచ్చు. దాన్ని రెండు లెక్కింపుల నడుమ మాత్రమే చదవండి, లేదంటే 20 మిల్లీసెకన్ల గడువు సాగి స్వరం వణుకుతుంది.