చేను కుదువపెట్టి సీఎస్ఈ సీటు కొనకండి

ఇంటర్ ఫలితాలు రాగానే ఉట్నూర్ తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే. "సార్, హైదరాబాద్‌ల సీఎస్ఈ సీటు ఎట్లనన్న దొరుకుతదా? చేను కుదువపెట్టైనా కడ్తం." ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది, తల్లిదండ్రుల మీద కాదు, ఆ ఆశను ఇంటింటికీ అమ్ముతున్న ఏజెంట్ల మీద. కన్వీనర్ కోటా సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మేనేజ్‌మెంట్ కోటాకు లేదు. అంటే నాలుగేళ్ల ఫీజూ వడ్డీతో సహా మీ మీదే పడుతుంది. లెక్కల్లో ఆసక్తి లేని పిల్ల ఆ అప్పును తలచుకుంటూనే పరీక్షలు రాస్తుంది.

కంప్యూటర్ ముందు కూర్చుంటేనే ఉద్యోగం అనుకోకండి. మీ ఫోన్ తెర మీది అద్దాన్నే చూడండి. చాలా ఫోన్లలో అది కిటికీ అద్దంలా మామూలు సోడా లైమ్ గాజు కాదు, అల్యూమినోసిలికేట్. ముందు కొలతకు కోసి, సీఎన్‌సీ యంత్రం మీద అంచులు అరగదీసి, రంధ్రాలు చేస్తారు. తర్వాత సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి చోట పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పైపొర గట్టిగా బిగుసుకుని, గీత పడినా పగులు సులువుగా పాకదు. ఒకసారి బిగిశాక మళ్లీ కోస్తే ఆ అంచు దగ్గర బలం పోతుంది, కాబట్టి కొలత తప్పితే పలక వృథా. చివర నల్ల అంచు ముద్రణ, వేలిముద్రలు అంటని పూత, తనిఖీ. ఎండలో నిలబెట్టే టికెట్ యంత్రానికైతే వెలుతురు తిప్పికొట్టని పూతతో, మందమైన అద్దం ఎంచుకోవాలి. ఈ నిర్ణయాలు తీసుకునేది మెటీరియల్స్ ఇంజినీర్లు, కెమిస్టులు. చేసిపెట్టేది డిప్లొమా, ఐటీఐ పిల్లలు.

ఒక నిజం దాచను. ఇలాంటి ఉద్యోగం ఉట్నూర్‌లో దొరకదు. గొరిల్లా గ్లాస్ తయారుచేసే కార్నింగ్ 2023లో తెలంగాణకు వస్తుందని ప్రకటన వెలువడింది. 2024 జనవరికి ఆ ప్రాజెక్టు తమిళనాడులోని శ్రీపెరుంబుదూర్ దగ్గర పిళ్లైపాక్కానికి తరలింది. ఊరు దాటాలి, షిఫ్టుల్లో పనిచేయాలి. పంపే ముందు ఉద్యోగం కంపెనీదా, కాంట్రాక్టరుదా అన్నది కాగితం మీద చూడండి.

ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే నాకు నచ్చిన దారి బాసర ఆర్‌జీయూకేటీ. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు, కోచింగ్ అవసరం లేదు. అక్కడ మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ ఉంది. పాలిసెట్ రాసి మెకానికల్ డిప్లొమా, ఐటీఐలో మెషినిస్ట్ కూడా మంచివే. ఇంటర్ అయిపోయి జేఈఈ ర్యాంకు ఉంటే రూర్కెలా ఎన్ఐటీలో సిరామిక్ ఇంజినీరింగ్ చూడండి.

"మూడు నెలల్లో డిస్‌ప్లే టెక్నాలజీ, ఉద్యోగం గ్యారంటీ" అని వేలల్లో ఫీజు అడిగేవాళ్లను ల్యాబ్‌లో ఏ యంత్రం ఉందో చూపించమనండి. అప్రెంటిస్‌షిప్‌లో కంపెనీయే స్టైపెండ్ ఇచ్చి పని నేర్పుతుంది, మన దగ్గర డబ్బు తీసుకోదు.

మీ బిడ్డకు కెమిస్ట్రీ ఇష్టమా, యంత్రాలు ఇష్టమా అని ఈ వారమే అడగండి. కన్వీనర్ కోటాలో రాని సీటు కోసం మాత్రం అప్పు చేయకండి.